షటిల్‌కాక్ నుంచి సునామీ వరకు: క్రీడల్లో, ప్రకృతిలో అత్యంత వేగం దేనిది?

ఆటస్థలంలో అత్యంత వేగంగా దూసుకుపోయే వస్తువు ఏదని అడిగితే చాలామందికి మొదట క్రికెట్ బంతి గుర్తుకొస్తుంది. కొందరు టెన్నిస్ బంతి అంటారు. నిజానికి ఆ స్థానం ఐదు గ్రాముల బరువు కూడా ఉండీ ఉండని, పక్షి ఈకలతో కట్టిన షటిల్‌కాక్‌ది. ఆ వేగాన్ని ప్రపంచ రికార్డుగా నమోదు చేసిన క్రీడాకారుడు కోనసీమకు చెందిన తెలుగువాడు.

ప్రకృతిలో ఇదే ప్రశ్న వేస్తే సమాధానం ఇంకా చిక్కుగా ఉంటుంది. నేలమీద చీతా, ఆకాశంలో బైరి డేగ అని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అయితే ఒక చీమ దవడ, ఒక మల్బరీ పువ్వు కూడా ఈ పోటీలో ఉన్నాయి. గాలి, సముద్రపు అల, పిడుగు వంటి వాటి వేగాన్ని తెలుసుకోవడం కుతూహలానికే పరిమితమైన విషయం కాదు. అది ప్రాణాలు కాపాడే సమాచారం.

ఏ వేగం ఎంత, దాన్ని ఎలా కొలిచారు, ప్రచారంలో ఉన్న అంకెల్లో ఏవి నమ్మదగినవి అన్న అంశాల వివరణ ఇది.

అమలాపురం కుర్రవాడి స్మాష్

బ్యాడ్మింటన్ క్రీడాకారుడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి 2000లో అమలాపురంలో జన్మించారు. 2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సైతామా ప్రాంతంలో, సోకా పట్టణంలోని యోనెక్స్ కర్మాగారంలో ఆయన కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. గిన్నిస్ సంస్థ దాన్ని పురుషుల విభాగంలో ప్రపంచ రికార్డుగా గుర్తించింది. అంతకుముందు పదేళ్లపాటు ఆ రికార్డు మలేసియా క్రీడాకారుడు టాన్ బూన్ హియాంగ్ పేరిట ఉండేది. 2013లో ఆయన నమోదు చేసిన వేగం 493 కిలోమీటర్లు. సాత్విక్ రికార్డు సాధించిన రోజే మలేసియా క్రీడాకారిణి పెర్లీ టాన్ 438 కిలోమీటర్లతో మహిళల రికార్డు నెలకొల్పారు.

ఇక్కడ ఒక తేడాను గమనించాలి. ఈ రికార్డులు ప్రత్యేకంగా ఏర్పాటు చేసిన పరీక్షలో నమోదైనవి, పోటీ మ్యాచ్‌లో నమోదైనవి కావు. మ్యాచ్‌లలో వేగాలు ఇంతకంటే తక్కువగా ఉంటాయి. 2017లో బెంగళూరులో జరిగిన ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్ మ్యాచ్‌లో డెన్మార్క్ ఆటగాడు మాడ్స్ పీలర్ కోల్డింగ్ 426 కిలోమీటర్ల స్మాష్ కొట్టారు. అదే ఏడాది జపాన్ ఓపెన్‌లో లీ చాంగ్ వీ 417 కిలోమీటర్లు నమోదు చేశారు.

ఇంత తేలికైన వస్తువుకు అంత వేగం ఎలా వస్తుంది? నిబంధనల ప్రకారం షటిల్‌కు 16 ఈకలు ఉండాలి. బరువు 4.74 గ్రాముల నుంచి 5.50 గ్రాముల మధ్య ఉండాలి. బరువు తక్కువ కాబట్టి రాకెట్ తాకిన క్షణంలోనే అది అపారమైన వేగాన్ని అందుకుంటుంది. ఆటగాడి కాళ్ల దగ్గర పుట్టిన బలం నడుము, భుజం, మోచేయి, ముంజేయి మీదుగా కొరడా విసిరినట్లు రాకెట్ చివరకు చేరుతుంది.

అయితే ఏ ఈకలు షటిల్‌ను తేలికగా ఉంచుతాయో, అవే దాని వేగాన్ని హరిస్తాయి. రాకెట్‌ను వదిలిన మరుక్షణమే షటిల్ తిరగబడి, కార్క్ భాగం ముందుకు వచ్చేలా సర్దుకుంటుంది. వెనుక విచ్చుకున్న ఈకలు గాలిని అడ్డగిస్తాయి. ఎత్తు నుంచి స్వేచ్ఛగా పడే షటిల్ వేగం సెకనుకు దాదాపు 7 మీటర్లకు మించదు. అందుకే 13.4 మీటర్ల కోర్టులో అవతలివైపు ఉన్న ఆటగాడికి ఆ స్మాష్‌ను తిరిగి లేపే అవకాశం మిగులుతుంది. రికార్డుగా నమోదయ్యేది రాకెట్‌ను వదిలే క్షణంలోని వేగం మాత్రమే.

ఇతర ఆటల్లో బంతుల వేగం

షటిల్ తర్వాతి స్థానాల్లో గోల్ఫ్ బంతి ముందుంటుంది. అత్యంత దూరం కొట్టడమే లక్ష్యంగా సాగే లాంగ్ డ్రైవ్ పోటీల్లో ఆ బంతి గంటకు 340 కిలోమీటర్లు దాటిన సందర్భాలున్నాయి. స్పెయిన్‌లోని బాస్క్ ప్రాంతంలో పుట్టిన జై అలై ఆటలో క్రీడాకారులు చేతికి కట్టుకున్న పొడవాటి వంపు బుట్టతో బంతిని గోడకు విసురుతారు. 1979 ఆగస్టు 3న అమెరికాలోని న్యూపోర్ట్‌లో హోసే రామన్ అరేటియో విసిరిన బంతి 302 కిలోమీటర్ల వేగంతో వెళ్లింది.

టెన్నిస్‌లో ఆస్ట్రేలియా ఆటగాడు శామ్ గ్రోత్ 2012లో దక్షిణ కొరియాలోని బూసాన్‌లో 263 కిలోమీటర్ల సర్వీస్ చేశారు. అది చిన్న స్థాయి టోర్నీ కావడంతో అధికారిక జాబితాల్లో 2016 డేవిస్ కప్‌లో జాన్ ఇస్నర్ చేసిన 253 కిలోమీటర్ల సర్వీస్‌ను చూపుతారు. బేస్‌బాల్‌లో అరోల్డిస్ చాప్‌మన్ 2010లో సుమారు 169 కిలోమీటర్ల వేగంతో బంతి విసిరారు.

క్రికెట్‌లో రికార్డు పాకిస్థాన్ బౌలర్ షోయబ్ అక్తర్‌ది. 2003 ప్రపంచకప్‌లో ఫిబ్రవరి 22న కేప్‌టౌన్‌లో ఇంగ్లండ్‌పై ఆడుతూ, నిక్ నైట్‌కు ఆయన వేసిన బంతి 161.3 కిలోమీటర్లుగా నమోదైంది. బ్రెట్ లీ, షాన్ టైట్ ఇద్దరూ 161.1 కిలోమీటర్ల వరకు వెళ్లారు. 2022 ఐపీఎల్‌లో సన్‌రైజర్స్ హైదరాబాద్ తరఫున ఆడిన ఉమ్రాన్ మాలిక్ 157 కిలోమీటర్ల బంతి వేశారు.

షటిల్‌తో పోలిస్తే ఇవి చిన్న అంకెలే. కానీ బ్యాటర్ స్థానంలో నిలబడి చూస్తే పరిస్థితి వేరు. ఒక క్రీజు నుంచి మరో క్రీజుకు దూరం 17.68 మీటర్లు. అక్తర్ బంతి వేగంతో ఆ దూరం దాటడానికి సుమారు 0.4 సెకన్లు పడుతుంది. కంటితో చూసినదానికి శరీరం స్పందించడానికే 0.2 సెకన్లు కావాలి. ఇక బ్యాట్‌ను కదిలించడానికి మిగిలేది అంతే సమయం. అందువల్ల మేటి బ్యాటర్లు బంతి కోసం ఎదురుచూడరు. బౌలర్ పరుగు, మణికట్టు, బంతి విడిచే కోణం చూసి అది ఎక్కడ పడుతుందో ముందే అంచనా కడతారు.

మనిషి సొంత కాళ్లపై ఎంత వేగం?

2009 ఆగస్టు 16న బెర్లిన్‌లో ఉసేన్ బోల్ట్ 100 మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తారు. సగటున ఇది గంటకు 37.6 కిలోమీటర్లు. 60 నుంచి 80 మీటర్ల మధ్య 20 మీటర్లను 1.61 సెకన్లలో దాటినప్పుడు ఆయన వేగం 44.7 కిలోమీటర్లకు చేరింది. విశాఖపట్నానికి చెందిన జ్యోతి యర్రాజీ 2023లో చైనాలోని చెంగ్డూలో 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో పూర్తి చేశారు. పది హర్డిళ్లు దాటుతూ కూడా ఆమె సగటు వేగం గంటకు 28 కిలోమీటర్లు.

నీటిలో పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. బ్రెజిల్ ఈతగాడు సెసార్ సియెలో 2009లో 50 మీటర్ల ఫ్రీస్టైల్‌ను 20.91 సెకన్లలో ముగించారు. అంటే గంటకు 8.6 కిలోమీటర్లు. తీరిగ్గా పరుగెత్తే మనిషి వేగం అది. నీటి సాంద్రత గాలి కంటే దాదాపు 800 రెట్లు ఎక్కువ కావడమే దీనికి కారణం.

గురుత్వాకర్షణ, యంత్రాలు తోడైతే అంకెలు అమాంతం పెరుగుతాయి. ఫ్రాన్స్‌లోని వార్స్ మంచువాలుపై సిమోన్ బిల్లీ 2023 మార్చిలో స్కీలపై గంటకు 255.5 కిలోమీటర్ల వేగంతో జారారు. 2018లో అమెరికాలోని బోన్‌విల్ ఉప్పు మైదానంలో డెనిస్ ముల్లర్ కోరెనెక్ సైకిల్‌పై 296 కిలోమీటర్ల వేగాన్ని అందుకున్నారు. ముందు వెళ్లే రేసింగ్ వాహనం గాలిని చీల్చి ఆమెకు దారి ఇచ్చింది.

చీతా: ప్రచారంలోని అంకె, కొలిచిన అంకె

చీతా గంటకు 110 నుంచి 120 కిలోమీటర్లు పరుగెడుతుందని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. కచ్చితమైన పరికరాలతో కొలిచినప్పుడు వచ్చిన అంకెలు దానికంటే తక్కువ. 2012లో అమెరికాలోని సిన్సినాటి జంతు ప్రదర్శనశాలకు చెందిన సారా అనే పదకొండేళ్ల ఆడ చీతా 100 మీటర్లను 5.95 సెకన్లలో దాటింది. దాని గరిష్ఠ వేగం గంటకు 98 కిలోమీటర్లు. బోల్ట్ అదే దూరానికి తీసుకున్న సమయంలో అది మూడున్నర సెకన్లకు పైగా ఆదా చేసింది.

అడవిలో స్వేచ్ఛగా తిరిగే చీతాల మెడకు పరికరాలు అమర్చి బోట్స్‌వానాలో జరిపిన పరిశోధన 2013లో ప్రచురితమైంది. ఐదు చీతాల 367 పరుగులను పరిశీలించగా గరిష్ఠ వేగం 93 కిలోమీటర్లని తేలింది. సగటున ఒక్కో పరుగు 173 మీటర్లకు మించలేదు. వేటల్లో దాదాపు నాలుగింట ఒక వంతు మాత్రమే ఫలించాయి. గరిష్ఠ వేగం కంటే ఉన్నట్టుండి వేగం పుంజుకోవడం, అంతలోనే తగ్గించుకొని మలుపు తిరగగలగడమే చీతా అసలు బలమని ఆ పరిశోధకులు తేల్చారు.

చీతాను చిరుతపులిగా పొరబడడం మన దగ్గర తరచుగా జరుగుతుంది. రెండూ వేర్వేరు జంతువులు. చీతా ఒంటిపై నిండు నల్లచుక్కలు ఉంటాయి. కళ్ల నుంచి నోటి వరకు కన్నీటి చారల వంటి నల్లని గీతలు దిగుతాయి. చిరుతపులి మచ్చలు గుత్తులుగా, మధ్యలో ఖాళీతో ఉంటాయి.

ఒకప్పుడు భారత మైదానాల్లో చీతా, కృష్ణజింకల పరుగు పందెం నిత్యం సాగేది. కృష్ణజింక గంటకు సుమారు 80 కిలోమీటర్ల వేగంతో గెంతుతూ పరుగెత్తగలదు. మొగల్ పాదుషాలు మచ్చిక చేసిన చీతాలతో కృష్ణజింకలను వేటాడించేవారు. 1947లో నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో కొరియా సంస్థానాధీశుడు మూడు చీతాలను కాల్చి చంపారు. మన దేశంలో చివరిగా నమోదైన చీతాలు అవేనని చెబుతారు. 1952లో ప్రభుత్వం చీతా అంతరించిపోయిందని ప్రకటించింది. ఆసియా చీతాలు ఇప్పుడు ఇరాన్‌లో మాత్రమే అతి కొద్ది సంఖ్యలో మిగిలాయి.

2022 సెప్టెంబరు 17న నమీబియా నుంచి ఎనిమిది చీతాలను, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికా నుంచి మరో పన్నెండింటిని మధ్యప్రదేశ్‌లోని కూనో జాతీయ పార్కుకు తెచ్చారు. వాటిలో కొన్ని మరణించాయి. ఇక్కడే కొత్త కూనలూ పుట్టాయి. నేలమీద అత్యంత వేగంగా పరుగెత్తే జంతువుకు కూడా పరుగెత్తడానికి నేల కావాలి. గడ్డి మైదానాలు కుంచించుకుపోతే ఆ వేగం దాన్ని కాపాడలేదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింకకూ ఇదే వర్తిస్తుంది. నంద్యాల జిల్లా రోళ్లపాడు అభయారణ్యం వంటి గడ్డి భూములే దానికి ఆశ్రయం.

ఆకాశంలో బైరి డేగ

జంతువులన్నింటిలో అత్యధిక వేగం బైరి డేగది. చాలా ఎత్తు నుంచి రెక్కలు ముడుచుకొని ఎరపైకి దూకేటప్పుడు అది గంటకు 300 కిలోమీటర్లు దాటుతుంది. అమెరికాలో కెన్ ఫ్రాంక్లిన్ పెంచి, విమానం నుంచి వదిలి పరీక్షించిన ఫ్రైట్‌ఫుల్ అనే డేగ 389 కిలోమీటర్ల వేగాన్ని అందుకుంది. ఈ పక్షి ఉపజాతుల్లో ఒకటైన షాహీన్ భారత ఉపఖండంలోని కొండ చరియల్లో గూడు కడుతుంది. ఉత్తర దేశాల బైరి డేగలు శీతాకాలంలో ఇక్కడికి వలస వస్తాయి.

అయితే డేగకు ఇక్కడ గురుత్వాకర్షణ తోడుంది. రెక్కల బలంతోనే సమాంతరంగా ఎగరడంలో లెక్కలు మారతాయి. 2010లో స్వీడన్ పరిశోధకులు స్విఫ్ట్ పక్షి గంటకు 111.6 కిలోమీటర్ల వేగంతో ఎగరడాన్ని కొలిచారు. 2016లో టెక్సస్‌లో బ్రెజిల్ జాతి గబ్బిలాలు 160 కిలోమీటర్ల వరకు ఎగిరాయని మరో పరిశోధన పేర్కొంది. గాలి సాయాన్ని పూర్తిగా మినహాయించారా అన్న చర్చ దానిపై సాగింది.

ఇంతటి వేగమున్న బైరి డేగను ఒక రసాయనం దాదాపు తుడిచిపెట్టింది. 20వ శతాబ్దం మధ్యలో డీడీటీ వాడకం వల్ల వాటి గుడ్ల పెంకులు పలచబడి, పొదిగేటప్పుడే పగిలిపోయేవి. అమెరికా 1972లో డీడీటీని నిషేధించింది. తర్వాత క్రమంగా కోలుకున్న ఈ పక్షిని 1999లో అక్కడి ముప్పు జాతుల జాబితా నుంచి తొలగించారు.

సముద్రంలో సరిదిద్దిన లెక్క

నీటిలో అత్యంత వేగమైన చేప సెయిల్‌ఫిష్ అని, దాని వేగం గంటకు 110 కిలోమీటర్లని దశాబ్దాలుగా రాస్తున్నారు. ముక్కు శూలంలా పొడుచుకువచ్చే ఈ తరహా చేపలను విశాఖ తీర మత్స్యకారులు కొమ్ము కోనాం అంటారు. దాని కండరాలు ఎంత త్వరగా ముడుచుకోగలవో ఇటీవలి దశాబ్దంలో పరిశోధకులు కొలిచారు. గరిష్ఠ వేగం గంటకు 30 కిలోమీటర్లకు కాస్త అటూఇటూగా ఉంటుందని తేలింది. ఒకరి పుస్తకం నుంచి మరొకరి పుస్తకంలోకి ప్రవహించిన అంకెకు, కొలిచిన అంకెకు తేడా ఎంత ఉంటుందో చెప్పడానికి ఇది చక్కని ఉదాహరణ.

కంటికి ఆనని వేగాలు

శరీర పరిమాణంతో పోల్చి చూస్తే విజేతలు మారిపోతారు. కాలిఫోర్నియాలో కనిపించే నువ్వుగింజంత నల్లి జాతి జీవి సెకనుకు తన శరీర పొడవుకు 322 రెట్ల దూరం పరుగెడుతుందని 2014లో వెల్లడైంది. చీతాకు ఆ అంకె 20కి అటూఇటూగా ఉంటుంది. మనిషి ఆ నిష్పత్తిలో పరుగెత్తాలంటే గంటకు దాదాపు 2,000 కిలోమీటర్ల వేగం కావాలి. ఆస్ట్రేలియాకు చెందిన టైగర్ బీటిల్ అనే పెంకు పురుగు సెకనుకు 2.5 మీటర్లు పరుగెడుతుంది. ఆ వేగంలో దాని కళ్లు ఎరను స్పష్టంగా చూడలేవు. అందుకే పరుగు మధ్యలో ఆగి, చూసుకొని, మళ్లీ పరుగెత్తుతుంది.

శరీరంలో ఒక భాగం కదలికను లెక్కిస్తే మరింత వింతగా ఉంటుంది. డ్రాక్యులా చీమ తన దవడల కొనలను ఒకదానికొకటి గట్టిగా అదిమి, మనం చిటిక వేసినట్లు జారవిడుస్తుంది. ఆ దవడ వేగం సెకనుకు 90 మీటర్లు, అంటే గంటకు 324 కిలోమీటర్లని 2018లో కొలిచారు. వెచ్చని సముద్రాల్లో ఉండే మాంటిస్ ష్రింప్ తన గదలాంటి ముందుకాలితో సెకనుకు 23 మీటర్ల వేగంతో గుద్ది నత్త పెంకులను పగలగొడుతుంది.

వీటన్నింటినీ మించిన పోటీదారు ఒక మొక్క. పట్టుపురుగుల మేతగా రాయలసీమ రైతులకు సుపరిచితమైన మల్బరీలో తెల్ల మల్బరీ ఒక జాతి. దాని మగపువ్వులోని కేసరం వింటినారిలా బిగుసుకొని ఉంటుంది. పొడి వాతావరణంలో అది ఒక్కసారిగా విడివడి పుప్పొడిని గాలిలోకి చిమ్ముతుంది. ఆ కదలికకు పట్టే సమయం సెకనులో 40 వేలవ వంతు. పుప్పొడి వేగం సెకనుకు 237 మీటర్లు, అంటే గంటకు 850 కిలోమీటర్ల పైమాటేనని కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 2006లో ప్రకటించారు. ధ్వని వేగంలో ఇది సగానికి పైగా.

గాలి, అల, పిడుగు

తుపాను గాలుల్లో ఇప్పటివరకు నమోదైన అత్యధిక వేగం గంటకు 408 కిలోమీటర్లు. 1996 ఏప్రిల్ 10న ఒలివియా తుపాను సమయంలో ఆస్ట్రేలియాలోని బారో దీవిలో ఇది నమోదైంది. టోర్నడోల సుడిగాలులు దీన్ని మించుతాయని రాడార్ల ద్వారా తెలిసింది. 1999 అక్టోబరులో ఒడిశాను తాకిన పెను తుపానులో గాలులు 260 కిలోమీటర్లకు చేరాయి. 2014 అక్టోబరు 12న విశాఖపట్నంపై విరుచుకుపడిన హుద్‌హుద్‌లో ఆ వేగం 180 కిలోమీటర్ల దాకా ఉంది. గాలి వేగం రెట్టింపైతే అది గోడలపై, చెట్లపై మోపే ఒత్తిడి నాలుగింతలవుతుంది. తుపాను హెచ్చరికల్లో పదేసి కిలోమీటర్ల తేడాను కూడా పట్టించుకోవాల్సింది ఇందుకే.

సునామీ వేగం సముద్రపు లోతుపై ఆధారపడుతుంది. నాలుగు కిలోమీటర్ల లోతున్న చోట అల గంటకు 700 కిలోమీటర్లకు పైగా వేగంతో, జెట్ విమానంలా సాగుతుంది. తీరానికి దగ్గరై లోతు పది మీటర్లకు తగ్గేసరికి వేగం 36 కిలోమీటర్లకు పడిపోయి, అల ఎత్తు పెరుగుతుంది. అది బోల్ట్ సగటు పరుగుకు సమానం. కాబట్టి అల కనిపించాక పరుగెత్తి తప్పించుకోవడం సామాన్యులకు అసాధ్యం.

2004 డిసెంబరు 26న ఉదయం ఆరున్నరకు సుమత్రా వద్ద భూకంపం వచ్చింది. భూకంప తరంగాలు సెకనుకు ఆరు నుంచి ఎనిమిది కిలోమీటర్లు ప్రయాణిస్తాయి. దాదాపు 2,000 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆంధ్ర తీరాన్ని అవి నాలుగైదు నిమిషాల్లోనే చేరాయి. సునామీ అలకు సుమారు రెండున్నర గంటలు పట్టింది. ఆ రెండు వేగాల మధ్య తేడాయే ప్రజలకు దక్కాల్సిన హెచ్చరిక సమయం. అప్పట్లో హిందూ మహాసముద్రంలో హెచ్చరిక వ్యవస్థ లేదు. భారత్‌లో పదివేల మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2007లో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థలో భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం ఏర్పాటైంది. భూమి కంపించిన నిమిషాల వ్యవధిలోనే సమాచారాన్ని విశ్లేషించి తీర ప్రాంతాలను అప్రమత్తం చేయడం దాని పని.

పిడుగు విషయంలో ఆ మాత్రం వ్యవధి కూడా ఉండదు. మేఘం నుంచి దిగే విద్యుత్ మార్గం నేలను తాకగానే పైకి ఎగబాకే ప్రధాన మెరుపు సెకనుకు లక్ష కిలోమీటర్ల స్థాయిలో ప్రయాణిస్తుంది. అది కాంతి వేగంలో మూడో వంతు. ఉరుము మాత్రం ధ్వని వేగంతో, సెకనుకు 343 మీటర్ల చొప్పున వస్తుంది. కాబట్టి మెరుపు కనిపించాక ఉరుము వినిపించేవరకు లెక్కపెట్టి, ఆ సెకన్లను మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలుస్తుంది. ఆ వ్యవధి 30 సెకన్లలోపు ఉంటే పిడుగు పదికిలోమీటర్ల పరిధిలో ఉన్నట్లే. వెంటనే పక్కా భవనంలోకి చేరాలి. చెట్టు కింద నిలబడరాదు. చివరి ఉరుము తర్వాత అరగంట వరకు బయటికి రాకపోవడం మంచిది. దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుకు బలవుతున్నారు. వారిలో పొలం పనుల్లో ఉన్నవారే ఎక్కువ. పిడుగుల ముందస్తు సమాచారం కోసం దామిని మొబైల్ యాప్ అందుబాటులో ఉంది.

ఒక్క చూపులో (గంటకు కిలోమీటర్లలో)

పురుషుల 50 మీటర్ల ఈత, సెసార్ సియెలో: 8.6
ఉసేన్ బోల్ట్ గరిష్ఠ వేగం: 44.7
చీతా (కొలిచినది): 98
క్రికెట్ బంతి, షోయబ్ అక్తర్: 161.3
టెన్నిస్ సర్వీస్, శామ్ గ్రోత్: 263
జై అలై బంతి: 302
డ్రాక్యులా చీమ దవడ: 324
బైరి డేగ దూకుడు: 389
తుపాను గాలి, బారో దీవి: 408
బ్యాడ్మింటన్ స్మాష్, సాత్విక్ సాయిరాజ్: 565
లోతు సముద్రంలో సునామీ: 700కు పైగా
తెల్ల మల్బరీ పుప్పొడి: 850కు పైగా